స్టీరింగ్ మీద రెండు చేతులు

ఆ ఉదయం ఆకాశం నేల మీదికి దిగి కూర్చుంది. కాలవ గట్టు మీది చెట్లు మొదళ్ళ దగ్గర మాత్రమే ఉన్నాయి, పైన లేవు. తెల్లారిందని కోళ్ళు చెప్పాయి గాని వెలుతురు చెప్పలేదు. కాసేపటికి మంచు మనిషెత్తు లేచి, అక్కడే ఆగిపోయింది. ఇక పైకీ పోదు, కిందికీ రాదు.

తెక్లా వంటింటి కిటికీ అద్దం తుడిచి చూసింది. తుడిచినచోట మళ్ళీ అదే తెలుపు.

"గుడి!" అని వెనకాల కేక.

వెంటనే ఠంగుమని చప్పుడు. గిన్నె మూత నేల మీద పడి దొర్లింది.

"మళ్ళీ లేపావు నాన్నా చెయ్యి," అంది అనీసియా.

"లేపలేదే. జారింది."

"జారితే కిందికి పోవాలి. నుదుటి మీదికెందుకు పోయింది?"

ఇలారియోన్ స్టూలు మీద నుంచి వంగి మూత తీసుకుని, మళ్ళీ రెండు చేతులతో చక్రంలాగా పట్టుకున్నాడు. పెళ్ళినాటి కోటు తొడుక్కున్నాడు. అది భుజాల దగ్గర పట్టేస్తోంది. ఎదురుగా గోడకానుకుని కూతురు, చేతిలో చెక్క గరిటె. చెయ్యి లేస్తే మణికట్టు మీద ఒకటి వెయ్యాలి. తండ్రీకూతుళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది. మొదట్లో ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటూ చేశారు. ఇవాళ నవ్వు లేదు.

మొదటిసారి పరీక్షలో ఆ చెయ్యే కొంప ముంచింది. మూడు దారులు కలిసేచోట మేరీమాత గూడు కనబడగానే స్టీరింగ్ వదిలేసి నుదుటికీ, పొట్టకీ, భుజాలకీ పోయింది. ఒకసారి కాదు, ముమ్మారు. పక్కన కూర్చున్న డ్రైవింగు పంతులమ్మ లొరెదానా తన కాలికిందున్న బ్రేకు తొక్కి బండి ఆపింది. వెనక సీటులో పరీక్షాధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అంతే.

మాల్డోవాలో ఊరి బస్సు ఇరవై ఏళ్ళ పైచిలుకు నడిపిన చెయ్యి అది. అక్కడ గుడి వచ్చినా, దారిపక్క శిలువ వచ్చినా, శ్మశానం వచ్చినా ముందు డ్రైవరు చెయ్యి లేవాలి, ఆ తర్వాత బస్సంతా లేవాలి. లేవకపోతే వెనక నుంచి ముసలమ్మలు ఊరుకోరు. "ఏరా, మమ్మల్ని ఎక్కడికి చేరుద్దామని?" అని కేకలేస్తారు. ఈ ఇటలీ పల్లెల్లో చూస్తే మలుపుకొక గూడు, కూడలికొక చర్చి. ఆ చెయ్యి మాత్రం ఎక్కడని ఆగుతుంది?

"గుడి!" అంది అనీసియా మళ్ళీ.

చెయ్యి ఆగింది. వేళ్ళు తెల్లబడేలా మూతని పట్టుకుని ఉన్నాడు.

"ఇక ఆ ఆట ఆపండి," అంది తెక్లా పొయ్యి దగ్గర నుంచి. "మామ్మ అక్కడ చర్చిలో ఒంటరిగా పడి ఉంది."

"ఒంటరిగా ఎందుకుంటుంది? దేవుడు లేడూ?" అన్నాడు ఇలారియోన్.

"ఆయన్ని ఇవాళ నువ్వు తలుచుకోకు. ఒక్క అరగంట మర్చిపో. ఏమీ అనుకోడు."

"నీతో చెప్పాడా?"

"చెప్పాడు. పాపమైతే నా పేర రాసుకోమను."

తెక్లా గోధుమలు ఉడికిస్తోంది. తేనె కలిపి, పైన పంచదార పరిచి, ఇనేస్ మామ్మ పేరు మీద పెట్టాలి. మామ్మ ఇటలీ మనిషి. ఆమె చుట్టాలకు ఇదంతా తెలియదు, అక్కర్లేదు కూడా. అయినా నాలుగేళ్ళు ఆ ఒంటిని కడిగి, తుడిచి, దువ్వి, చివరిరోజున కూడా తనే కడిగింది. ఆమె ఇంటి వెనక రెండు గదుల్లోనే ఈ ముగ్గురూ ఉన్నారు. మామ్మ పోయింది గనక గదులూ పోయినట్టే. మేనల్లుడు దారియో నెలాఖరు అన్నాడు.

నెలాఖరుకి పాలాయన ఇల్లు దొరకాలి. నది దగ్గర పశువుల ఫారం ఆయనది. రోజూ పాలు వ్యానులో వేసుకుపోయే మనిషి కావాలి, ఉండడానికి ఇల్లిస్తానన్నాడు. ముగ్గురికీ సరిపోయే ఇల్లు. లైసెన్సు చూపించి తాళం తీసుకుపొమ్మన్నాడు. లైసెన్సు రాకపోతే తెక్లా ఎవరో ఒక ముసలావిడ ఇంట్లో ఒంటి మంచం మీదికి, ఇలారియోన్ ఏదో కూలీల కొట్టంలోకి, పిల్ల ఆదివారం మినీబస్సులో మాల్డోవాకి, మేనత్త దగ్గరికి. ఆ మినీబస్సులో సీటు ఆపి ఉంచమని ముందే చెప్పారు. అవసరం పడదులే అనుకుంటూనే చెప్పారు.

"వచ్చిన కొత్తలో నీ లైసెన్సు ఇచ్చేసి ఇక్కడిది పుచ్చుకోమన్నాను," అంది తెక్లా, గోధుమల మీంచి కళ్ళు తీయకుండా. "పరీక్షా లేదు పాడూ లేదు. ఒకటిచ్చి ఒకటి తెచ్చుకోవడమే."

"ఇచ్చింది తిరిగివ్వరుగా. ఊరెళ్ళాక బస్సు దేంతో నడపాలి?"

"ఏ ఊరు? ఏ బస్సు? వచ్చే ఏడు వెళ్ళిపోదాం, వచ్చే ఏడు వెళ్ళిపోదాం అని గడువు కాస్తా దాటించావు. ఆ బస్సు ఈపాటికి ఎవరి దొడ్లోనో కోళ్ళగూడు అయుంటుంది."

"అయింది," అంది అనీసియా. "అత్త ఫోటో పంపింది."

ఇలారియోన్ కూతురి వంక చూశాడు. అతనికెవరూ ఆ ఫోటో చూపించలేదు.

"సీట్లు పీకేశారా?" అన్నాడు.

"కొన్ని ఉంచారు. వాటి మీదే పడుకుంటున్నాయి."

తెక్లాకి ఆ మాట ఎత్తకుండా ఉండాల్సిందనిపించింది. ఎత్తాక ఆగలేదు. "అక్కడ ఆ రొమేనియావాడు పాలాయన గుమ్మంలో కాచుకు కూర్చున్నాడు. వాడికే పరీక్షా అక్కర్లేదు. రొమేనియా యూరప్ కూటమిలో ఉంది గనక వాడి లైసెన్సు ఇక్కడ చెల్లుతుంది. మన మాటే మాట్లాడతాడు, మన తిండే తింటాడు. ఏటికి అవతలి ఒడ్డున పుట్టాడు, అంతే తేడా."

"మా అమ్మకి ఈత రాదు మరి," అన్నాడు ఇలారియోన్.

అనీసియా పక్కున నవ్వింది. తెక్లాకి కూడా నవ్వు వచ్చి గొంతు దగ్గరిదాకా చేరి, అక్కడ ఇంకేదో అడ్డుపడి ఆగిపోయింది. పొయ్యి వైపు తిరిగింది.

అడ్డుపడింది మంగళవారం నాటి సంగతి. ట్రియెస్టే నగరం నుంచి ఫోనొచ్చింది. పెద్దావిడ, మంచంలో ఉంది, రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండాలి, వస్తావా రావా ఇప్పుడే చెప్పాలి అన్నారు. తెక్లా పెరట్లో నిలబడి, బట్టలు ఆరేసే తీగ పట్టుకుని, వస్తానంది. పరీక్ష నెగ్గితే మళ్ళీ ఫోన్ చేసి రానని చెప్పొచ్చులే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

బయట హారను మోగింది. ఇలారియోన్ లేచాడు. టోపీ తీసుకున్నాడు. తెక్లా దగ్గరికొచ్చి అతని కాలరు సరిచేసింది. అవసరం లేకపోయినా సరిచేసింది.

"రెండు చేతులు," అంది.

"రెండూ."

"గూడు వచ్చినా, చర్చి వచ్చినా."

"పోపుగారే ఎదురొచ్చినా," అన్నాడు. గుమ్మం దాటబోయి ఆగాడు. "మామ్మకి చెప్పు, రాలేకపోయానని."

"ఆవిడ వినదులే. నువ్వు బండి చూసుకో."

గేటు దగ్గర లొరెదానా అద్దం దించి చెయ్యూపింది. "పదవయ్యా ఇలారియో, మంచు ఇంకా దట్టం కాకముందే! అమ్మా, భయం పెట్టుకోకు. మీవాడికి నేను నేర్పాల్సింది ఏమీ లేదు. వచ్చింది మరిచిపోవడమే నేర్పాలి."

బండి కదిలింది. వెనక లైట్లు ఎర్రగా రెండు చుక్కలై, అవీ పోయాయి.

*

చర్చిలో జనం తక్కువ. మామ్మ ఈడువాళ్ళు చాలామంది ముందే వెళ్ళిపోయారు. ప్రార్థన అయ్యాక శవపేటికను నల్లబండిలో పెట్టారు. శ్మశానం దూరమేం కాదు, కాలవ గట్టు వెంట పోవాలి. బండి నడక వేగంతో కదిలింది. వెనకాల ఫాదరు, దారియో, అతని భార్య. వాళ్ళ వెనక తెక్లా, నెత్తిన నల్ల గుడ్డ కప్పుకుని. పక్కన అనీసియా.

"ఇప్పుడెక్కడికమ్మా పోతారు?" అని అడిగింది పక్కింటి బ్రూనా, చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

"చూడాలి."

"మీ ఆయన రాలేదేం?"

"పరీక్ష ఉంది."

"ఆ, ఆ పరీక్ష! ఇనేస్‌కి దాని ధ్యాసే కదా చివరిదాకా."

నిజమే. రాత పరీక్షకి ఇలారియోన్‌ని తయారుచేసింది మామ్మే. మంచంలో దిండ్లకానుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ప్రశ్నలు చదివేది. అతను తడబడితే దుప్పటి మీద చరిచేది. "తప్పు! నిన్ను గాడిదబండి కూడా తోలనివ్వరు!" అని అరిచేది. అతను నెగ్గి వచ్చిన రోజున వైద్యుడు వద్దన్న తీపి వైను అడిగి తాగింది. అదే ఆమె మెలకువలో ఉన్న చివరి వారం.

తెక్లా నడుస్తోంది. మనసు పేటిక మీద లేదు. ఈపాటికి బయల్దేరి ఉంటారు. మొదటి గూడు దాటి ఉంటారు. పాల డిపో దగ్గర చర్చి. అక్కడ చెయ్యి లేచిందా? లేవలేదు. లేవదు. పోయినామె వెనక నడుస్తూ బతికున్నవాడి చేతుల కోసం ప్రార్థన చేస్తున్నానే అని సిగ్గేసింది. అయినా మానలేదు.

నీళ్ళు తోడే పంపుల షెడ్డు దగ్గర గట్టు మలుపు తిరుగుతుంది. నల్లబండి అక్కడికి చేరేసరికి మంచులోంచి ఎదురుగా ఒక కారు వచ్చింది. నెత్తిన డ్రైవింగు స్కూలు పలక.

"అమ్మా," అంది అనీసియా.

"చూశాను."

కారు నెమ్మదించింది. కుడివైపు దీపం మిణుకు మిణుకుమంది. గట్టు అంచుకి ఒద్దికగా జరిగి ఆగింది. అద్దం వెనక ఇలారియోన్ మొహం, మొహం కింద స్టీరింగ్ మీద రెండు చేతులు. పక్కపక్కన, కదలకుండా ఉన్నాయి.

తెక్లా గుండె నెమ్మదించింది. బాగా ఆగాడు. ఇంతకన్నా బాగా ఎవరాగుతారు? ఇలా కూర్చో. ఇలాగే ఉండు. మేం పోతాం, తర్వాత నువ్వు పో.

నల్లబండి కారుకి ఎదురుగా వచ్చింది.

ఒక చెయ్యి కిందికి దిగింది. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. దారి వైపు తలుపు బార్లా తెరుచుకుంది. అటూ ఇటూ చూడకుండా ఇలారియోన్ దిగాడు.

కారు వెనక మంచులోంచి ట్రాక్టరొకటి వచ్చి, తెరిచిన తలుపు చూసి కీచుమని బ్రేకు వేసింది. తోలేవాడు హారను కొట్టాడు, ఒకసారి పొడుగ్గా. తర్వాత ముందున్నదేమిటో చూసి చెయ్యి తీసేశాడు. ఇలారియోన్ వెనక్కి తిరగలేదు. టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, కారు ముందుకొచ్చి దారి మీద నిలబడ్డాడు. జుట్టు మీద మంచు పడుతోంది. ముమ్మారు శిలువ గుర్తు వేసుకున్నాడు, తొందరేమీ లేనివాడిలా.

కారులో లొరెదానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక సీటులో పరీక్షాధికారి పేటిక దాటుతుండగా తనూ శిలువ వేసుకున్నాడు. వేసుకుని, తల వంచి కాగితంలో రాసుకోవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, నాన్న దిగిపోయాడు."

"నడువు."

"అమ్మా, ఆయన రాస్తున్నాడు."

"నడువన్నాను."

చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా దాటారు. తెక్లా మొగుడి మొహంలోకి చూసింది. అతను ఆమెని చూడలేదు. పేటికనే చూస్తున్నాడు. అరవడానికి లేదు, ఆగడానికి లేదు. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు. నల్ల గుడ్డ గడ్డం కింద ముడి బిగించుకుని నడిచింది.

*

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర లొరెదానా నిలబడి ఉంది. బండి ఎక్కకుండా, లోపలికి రాకుండా. పెరట్లోంచి కట్టెలు కొడుతున్న చప్పుడు వస్తోంది.

"ఆయన చెడ్డమనిషి కాదమ్మా," అంది లొరెదానా. పరీక్షాధికారి గురించి. "ఆయనకీ మనసు ఒప్పలేదు. బండి ఆపిన తీరుకి మెచ్చుకున్నాడు కూడా. కాని దారి చూడకుండా తలుపు తీసి, మలుపులో బండి వదిలేసి మనిషి దిగిపోతే, వెనక ట్రాక్టరు... ఎలా రాయమంటారు అన్నాడు."

"లోపల కూర్చుని ఉంటే?"

లొరెదానా ఆమె మొహంలోకి చూడలేకపోయింది. "ఇంకేం మిగల్లేదమ్మా. ఆ గట్టు దిగి ఆఫీసుకి పోవడమే."

తెక్లా తలూపింది.

"వేసవిలో మళ్ళీ మొదలెడదాం. ఇచ్చిన అవకాశాలు అయిపోయాయి గనక రాత పరీక్ష నుంచి. నేనేమీ తీసుకోను."

"అలాగే," అంది తెక్లా. వేసవిదాకా ఎక్కడుండి అని అడగలేదు.

వంటింట్లోకి పోయి గోధుమలు పళ్ళెంలోకి ఒంపింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి నిన్ననే పేర్చిపెట్టిన కుండ పొయ్యి మీదికెక్కించింది. కట్టెల చప్పుడు ఆగింది. ఇలారియోన్ మోపు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. ఒక్కొక్క కట్టే సర్దుతూ అక్కడే ఉండిపోయాడు.

కుండ మూత ఎగిరెగిరి పడుతోంది.

"కూర్చుని దణ్ణం పెట్టుకుంటే వద్దనేదా ఆవిడ?" అంది తెక్లా.

అతను ఇంకో కట్టె సర్దాడు.

"నిన్నే. లోపల కూర్చుంటే మామ్మ కోప్పడేదా? ఆమె చదివి చదివి గొంతు పోగొట్టుకుంది ఇందుకేనా?"

"శవం ఎదురొస్తే బస్సులో అందర్నీ దింపేవాణ్ణి," అన్నాడు కట్టెలతో చెప్తున్నట్టు.

"అది బస్సు కాదు!"

"కాదు."

"రెండు చేతులన్నావు. గుమ్మంలో నిలబడి అన్నావు."

"చేతులు ఉంచాను కదా. మూడు గూళ్ళు, చర్చి అన్నీ దాటాను, చూడనైనా చూడలేదు. చేతులకి తల్లీకూతుళ్ళు నేర్పారు. కాళ్ళకెవరూ నేర్పలేదు."

"నవ్వించకు. ఇవాళ నన్ను నవ్వించావంటే ఈ కుండ నీ నెత్తిన ఒంపుతాను."

"నవ్వించడం లేదు తెక్లా." లేచి నిలబడ్డాడు. చొక్కా చేతులకు బెరడు పొట్టు అంటుకుని ఉంది. "మంచులో నాకు ముందు ఆ బండి కనబడలేదు. నువ్వు కనబడ్డావు. నల్ల గుడ్డ కప్పుకుని, పక్కన పిల్ల. మనూళ్ళో ఉన్నాననుకున్నాను. ఎవరో మనవాళ్ళే పోయారనుకున్నాను. ఏ దేశమో ఒక్క క్షణం నాకు తెలియలేదు."

తెక్లా గరిటె కుండ మీద పెట్టింది.

"నాకు తెలుస్తూనే ఉంటుంది," అంది. "నిద్రలో కూడా తెలుస్తుంది. ఒక్క క్షణం మర్చిపోయే భాగ్యం నాకెప్పుడూ లేదు."

గుమ్మం దగ్గర అనీసియా ఉంది. ఎప్పటినుంచి ఉందో. చెప్పులు విప్పలేదు.

"నేను పోను," అంది.

"ఎక్కడికి?" అన్నాడు తండ్రి.

"అత్త దగ్గరికి. నేను పోను. అక్కడ బళ్ళో నాకు రాయడం కూడా రాదు. నేను మాట్లాడితే అత్త పిల్లలు నవ్వుతారు. నా మాట ఇటలీ వాళ్ళ మాటలా ఉందంట. ఇక్కడేమో మాల్డోవా వాళ్ళ మాటలా ఉందంటారు. నేనెక్కడ మాట్లాడాలి?"

"ఎవరన్నారే పోవాలని?" అంది తెక్లా. అంటుండగానే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"సీటు ఆపారుగా."

"ఆపితే పోవాలనా? వద్దంటే ఇంకొకళ్ళకిస్తాడు," అన్నాడు ఇలారియోన్. అతనికి ఎక్కడి నుంచో కాస్త ఊపిరి వచ్చింది. "చూడు, ఇంకా ఏమీ తేలలేదు. నేను పాలాయన దగ్గరికి పోతాను. ఇప్పుడే నడిచిపోతాను. వేసవిదాకా పశువుల దగ్గర ఉంచుకోమంటాను, పేడ ఎత్తమన్నా ఎత్తుతాను. ఆ రొమేనియావాణ్ణి వ్యాను నడుపుకోమను. ఒక గది చాలు మనకి. ఒక్క గది ఇవ్వడా?"

"ఇస్తాడు నాన్నా," అంది అనీసియా వెంటనే.

"ముగ్గురం ఒకచోట ఉంటే వేసవి ఎంతలో వస్తుంది! ఏమంటావు తెక్లా? నువ్వింకా ఎక్కడా ఒప్పుకోలేదు కదా?"

తెక్లా కుండ మూత తీసింది. ఆవిరి మొహం మీదికి కొట్టింది. అలాగే ఉంచుకుంది మొహాన్ని.

"ముందు తిందాం," అంది. "మామ్మ పేరు చెప్పి నాలుగు మెతుకులు తిన్నాక ఏదైనా."

ఇలారియోన్ ఇంకేదో అనబోయాడు. ఇంతలో ఎవరో తలుపు తట్టారు.

*

దారియో. నల్ల సూటు మీద మఫ్లరు. ఇంటి ముందు భాగంలోంచి రాకుండా పెరటివైపు నుంచి వచ్చాడు, తను యజమాని కానట్టు.

"కూర్చోను," అన్నాడు. "ఒక్క మాట చెప్పి పోతా. సోమవారం ఇల్లు చూసుకోవడానికి ఎవరో వస్తామన్నారు. మీకు ఇబ్బంది లేకపోతేనే."

"కూర్చోండి," అంది తెక్లా. "ఇవాళ గుమ్మంలోకి వచ్చినవాళ్ళని తినకుండా పంపకూడదు మాకు."

"మేం హోటల్లో..."

"ఆవిడ పేరు మీద," అంది. అతను మఫ్లరు విప్పాడు.

నలుగురూ బల్ల చుట్టూ చేరారు. మధ్యలో గోధుమల పళ్ళెం, అందులో గుచ్చిన సన్నటి మైనపు వత్తి. ఇలారియోన్ అందరికీ వైను పోశాడు. దారియో గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. మంచివాడే. మేనత్తని ఏడాదికి రెండుసార్లే చూసినందుకు మూడు రోజులుగా అందరికీ మర్యాద చేస్తున్నాడు.

"మీరు అత్తకి చేసింది నేను మర్చిపోను," అన్నాడు చివరికి. "ట్రియెస్టేవాళ్ళతో కూడా అదే చెప్పాను."

తెక్లా కుండలోంచి వడ్డిస్తున్న గరిటె ఆగింది.

"ఏ ట్రియెస్టే?" అన్నాడు ఇలారియోన్.

"అదే, ఆమెకి పని ఇచ్చినవాళ్ళు. ఈవిడ ఒప్పుకున్నారట, మనిషి ఎలాంటిదని నాకు ఫోన్ చేశారు. బంగారం అన్నాను. పొందిగ్గా, నమ్మకంగా..." మాట సగంలో బల్ల చుట్టూ చూశాడు. "మీకు తెలుసనుకున్నాను."

వత్తి చిటపటలాడింది.

"ఎప్పుడు?" అన్నాడు ఇలారియోన్. దారియోని కాదు.

"మంగళవారం," అంది తెక్లా.

"పరీక్షకి ముందే."

"ముందే."

"అంటే పొద్దున కాలరు సర్దినప్పుడు..."

"అవును."

అతను తలూపాడు, లెక్క సరిపోయినవాడిలా. అనీసియా తల్లిని చూస్తూ ఉంది. ఏడుస్తుందేమో అనుకుంది తెక్లా. ఏడవలేదు.

"అయితే నా సీటు ఉంచెయ్యమని చెప్పు," అంది పిల్ల. "మళ్ళీ ఇంకెవరికైనా ఇచ్చేస్తాడు."

దారియో లేవబోయాడు. "నేను ఇంకోసారి వస్తాను. మీరు మీరు..."

"కూర్చోండి దారియోగారూ," అన్నాడు ఇలారియోన్ మెల్లగా. "వడ్డించే పళ్ళెం ముందు నుంచి లేవకూడదు."

తెక్లా పళ్ళేలు అందించడం మొదలుపెట్టింది. చనిపోయినవాళ్ళ పేరు మీద పెట్టేటప్పుడు ఇచ్చేవాళ్ళు పేరు చెప్పి ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్ళు "బొగ్దాప్రోస్తే", అంటే దేవుడు క్షమించుగాక, అనాలి. ఆ ఒక్క మాట అంటేనే పెట్టినది అవతలికి చేరుతుంది. అనకపోతే వట్టి తిండి.

"ఇనేస్ పేరు మీద," అంది దారియోకి ఇస్తూ.

అతను తెల్లమొహం వేశాడు. అనీసియా చెవిలో చెప్పింది. అతను ఆ మాటని పట్టి పట్టి, ముక్కలు ముక్కలుగా పలికాడు.

"ఇనేస్ పేరు మీద."

"బొగ్దాప్రోస్తే," అంది అనీసియా. పళ్ళెం వంకే చూస్తూ.

మూడోది ఇలారియోన్‌ది. తెక్లా అందులో అందరికన్నా ఎక్కువ వడ్డించింది. చాచి పట్టుకుని, "ఇనేస్ పేరు మీద," అంది.

ఇలారియోన్ పళ్ళెం అందుకున్నాడు. ముందు పెట్టుకున్నాడు. చెంచా తీసుకున్నాడు.

తెక్లా గరిటెతో కాసేపు నిలబడింది. తర్వాత తనకి కాస్త వడ్డించుకుని కూర్చుంది.

దారియో అలవాటు కొద్దీ గ్లాసు పైకెత్తి ముందుకు చాపాడు. ఇలాంటి బల్ల దగ్గర గ్లాసులు తాకించరు. ఎవరూ చాపకపోవడం చూసి నెమ్మదిగా దించుకున్నాడు. అనీసియా తిన్నది. దారియో తిన్నాడు. ఇలారియోన్ తల ఎత్తకుండా, వదలకుండా, అంతా తిన్నాడు. రొట్టెముక్కతో పళ్ళెం అడుగు తుడిచి అదీ తిన్నాడు.

తెక్లా నోట్లో ముద్ద పెట్టుకుని, ఆఖరి చెంచా దాకా అతని నోటినే చూస్తూ ఉంది.